పూచీ పడిన రాత



ఊళ్లో మనుషులు ఒకరి కోసం ఒకరు రాసుకునే రాత ఒకటుంది. దానికి పారితోషికం ఉండదు, బిరుదులు రావు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మధ్య, మిర్చి కల్లాల మధ్య ఉన్న పల్లెల్లో ఈ రాత ఎప్పటినుంచో ఉంది. కరణం కవిలెకట్టలో రాసిపెట్టిన ఊరి పుట్టుపూర్వోత్తరాలు, యువజన సంఘం కుర్రాళ్లు చేత్తో రాసి గ్రంథాలయంలో ఉంచిన లిఖిత పత్రిక, రిటైరైన పంతులుగారు సొంత డబ్బుతో అచ్చు వేయించి బంధువులకు పంచిన జ్ఞాపకాలు, రేడియో వ్యవసాయ కార్యక్రమానికి రైతు రాసిన కార్డు, అన్నీ ఈ కోవలోవే. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది కాబట్టి ఇలా రాసేవాళ్లు మునుపెన్నడూ లేనంతమంది అయ్యారు. ఇంతమంది ఇంత రాస్తున్నప్పుడు దేనికి విలువ ఇవ్వాలి, దేన్ని దాచుకోవాలి అన్న ప్రశ్న తప్పదు. భాష అందంగా ఉంటే విలువ అని కొందరంటారు. ఎక్కువమంది చదివితే విలువ అని ఇంకొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గానీ అసలు సంగతి మరోచోట ఉందని నా అభిప్రాయం. రాసిన మనిషి తాను చెప్పినదానికి పూచీ పడినప్పుడే ఆ రాత పదిమందికీ పనికొస్తుంది. తనకు స్వయంగా తెలిసినదాన్ని చెప్పాలి. అది ఎక్కడ, ఎప్పుడు, ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. తప్పుంటే మరొకరు పట్టుకుని సరిచేయగలిగేలా చెప్పాలి. పూచీ అంటే నా దృష్టిలో ఇదే. ఈ నేల మీద రెండు వందల ఏళ్లుగా పుట్టిన రాతలను వరసగా చూస్తూ వస్తే ఈ సంగతే తేలుతుంది.

మొదట ఊళ్ల చరిత్రలైన కైఫీయత్తులను చూద్దాం. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, పద్దెనిమిదో శతాబ్దం చివరి ఏళ్ల నుంచి 1821లో చనిపోయేదాకా, దక్షిణ దేశపు ఊళ్ల చరిత్రలను సేకరింపజేశాడు. ఆ పనిలో అతనికి కుడిభుజంగా నిలిచింది తెలుగువాడైన కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య చనిపోయాక ఆ బరువును తమ్ముడు లక్ష్మయ్య తలకెత్తుకున్నాడు. వాళ్ల మనుషులు పల్లెలకు వెళ్లి కరణాలను అడిగేవారు. కరణం తన దగ్గరున్న కవిలెలు తిరగేసి, పెద్దలను విచారించి రాసిచ్చేవాడు. ఊరు కట్టింది ఎవరు, కొండవీటి రెడ్ల నాడు ఎవరి ఏలుబడిలో ఉంది, గజపతుల తరవాత రాయలవారి కాలంలో ఏ అగ్రహారం ఎవరికి దక్కింది, గుడి ఎవరు కట్టించారు, శాసనం ఎక్కడుంది, పొలిమేర ఎంతవరకు అన్న వివరాలే అందులో ఉంటాయి. ఆ వాక్యాల్లో అలంకారాలు లేవు. లెక్కలు రాసే చేతికి అలవాటైన, సాగదీసినట్టుండే వచనం అది. రాసిన కరణాలకు కవులమని చెప్పుకోవాలన్న కోరికా లేదు. అయినా కొండవీటి రెడ్ల చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారికి శాసనాల పక్కన పెట్టి చూసుకోవడానికి ఈ కైఫీయత్తులే దొరికాయి. అదే కాలంలో దర్బారుల్లో పుట్టిన ప్రబంధాల్లో ఎన్నింటి పేర్లు ఇవాళ మనకు గుర్తున్నాయి? కరణం రాసిన నాలుగు పేజీలు మాత్రం ఆ ఊరి సంగతి తెలుసుకోవాలన్న ప్రతి ఒక్కరికీ ఇప్పటికీ కావాలి.

అమరావతి దీపాలదిన్నె కథ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజుల్లో దిన్నెను తవ్వితే చెక్కుడు రాళ్లు బయటపడ్డాయి. అది బౌద్ధ స్తూపమని అప్పుడెవరికీ తెలియదు. రాళ్లు కట్టడాలకు తరలిపోతున్నాయి. 1798 ప్రాంతంలో ఒకసారి చూసిన మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, తన సహాయకుల చేత మిగిలిన శిల్పాలకు ఒక్కొక్కటిగా బొమ్మలు వేయించాడు, దిన్నె కొలతలు తీయించాడు. ఆ చిత్రకారులకు తాము గీస్తున్నదేమిటో పూర్తిగా తెలియదు. కనిపించినదాన్ని కనిపించినట్టు, ఏ పక్క దొరికిందో రాసుకుంటూ దింపారు. ఆ తరవాత ఆ శిల్పాల్లో చాలా పోయాయి. వాటి రూపం ఇవాళ మనకు తెలుస్తోందంటే ఆ కాగితాల వల్లనే. అర్థం తెలియకపోయినా వివరం వదలకుండా దించినవాడు, వివరం వదిలేసి అర్థం చెప్పినవాడికంటే రాబోయే తరాలకు ఎక్కువ మేలు చేశాడు. అర్థాన్ని తరవాతివాళ్లు వెతుక్కోగలరు. పోయిన వివరాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య పుస్తకాన్నీ ఇక్కడే తలుచుకోవాలి. ఆయన 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తెలుగు కోస్తా మీదుగా మద్రాసు తిరిగి చేరాడు. దారి పొడవునా చూసినదాన్ని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసి పంపుతూ వచ్చాడు. ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, నీళ్లు మంచివేనా, అంగళ్లు ఉన్నాయా, ఏ సరుకు దొరుకుతుంది, ఏ కులాలవాళ్లు ఉన్నారు, ఎవరి అమలు నడుస్తోంది, ఇవన్నీ ఏ రోజుకు ఆ రోజు వ్యవహారపు తెలుగులో రాశాడు. ఒక స్నేహితుడి కోసం రాసినది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని మళ్లీ పరిష్కరించి ప్రకటించారు. వీరాస్వామయ్య తిరిగొచ్చిన మరుసటి ఏడాదే, 1832, 33లలో, నందన సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. జనం దాన్ని డొక్కల కరువన్నారు. లక్షలాది మందిని తాకిన ఆ కరువు గురించి మనకు దొరికేది ఎక్కువగా కంపెనీ అధికారుల ఉత్తరప్రత్యుత్తరాలే. శిస్తు ఎంత తగ్గింది, గంజి కేంద్రాలకు ఎంత ఖర్చయింది అన్న లెక్క వాటిలో ఉంటుంది. ఏ ఇంట్లో ముందు ఏం అమ్ముకున్నారు, ఎవరు ఏ దారిన వలసపోయారు, ఏ ఆకు తిని బతికారు అన్నది ఊరి మనిషి రోజుకో వాక్యం రాసిపెట్టి ఉంటే కరువు చరిత్రే మరోలా ఉండేది. యాత్రికుడి దినచర్య ఉండి బాధితుడి దినచర్య లేకపోవడం వల్ల మనం ఏం పోగొట్టుకున్నామో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వివరాలు కూర్చడమే విలువైతే సాహిత్యం ఎందుకు, గుమాస్తా చిట్టాకూ కావ్యానికీ తేడా లేదా అని అడుగుతారు. ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. సత్తెనపల్లి ప్రాంతపు వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ, పల్నాటి ఉద్యమంలో జైలుకు వెళ్లి, అక్కడ మాలపల్లి నవల రాశారు. 1922లో వచ్చిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో గబ్బిలం తెచ్చారు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం చేత కాశీ విశ్వేశ్వరుడికి తన గోడు పంపుకునే కావ్యం అది. జాషువా పద్యానికి ఆ పట్టు లేకపోతే ఆ గోడు అంతదూరం వినిపించేది కాదు. పండితులు తమదనుకున్న ఛందస్సులోనే పండితులను నిలదీసిన నేర్పు అది. కాబట్టి నేర్పు మాటను దూరం తీసుకుపోతుందని ఒప్పుకుంటాను. అయితే ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. ఉన్నవ దొరికిన కథకు పల్లెను తగిలించలేదు. కూలి తగాదాలను, పాలేరు ఇంటి మాటతీరును, గుంటూరు సీమ పలుకుబడిని తెలిసినంత దగ్గరగా రాశారు. జాషువా అవమానాన్ని ఊహించి రాయలేదు. నేర్పు వీళ్లకు తెలిసినదాన్ని మోసింది. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించే నేర్పు చదివిన పూట బాగుంటుంది, అవసరపడినప్పుడు అక్కరకు రాదు. పైగా జాషువా అంతటి నేర్పు లక్షమందిలో ఒకరికి దొరుకుతుంది. పూచీ పడి రాయడం మాత్రం అక్షరం వచ్చిన ఎవరైనా చేయగలరు. అందుకే ఊరివాళ్లు రాసుకునే రాతకు మొదటి కొలతగా దాన్ని పెట్టాలంటున్నాను.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. స్వయంగా తెలిసినవాడు రాసినంత మాత్రాన అది నిజమవుతుందా? కరణానికి మాన్యం ఉండేది, స్వార్థం ఉండేది. కైఫీయత్తులో తన వంశానికి అనుకూలంగా రెండు మాటలు కలిపి ఉండడా? కలిపే ఉంటాడు. అంతకంటే పెద్ద లోపం ఒకటుంది. చెరువు తవ్వించిన దొర పేరు కైఫీయత్తులో కనిపిస్తుంది, తట్ట మోసినవాళ్ల పేర్లు కనిపించవు. గుడికి ఇచ్చిన పొలం కొలత ఉంటుంది, ఆ పొలం దున్నిన మాలమాదిగల సంగతి దాదాపు ఉండదు. ఆడవాళ్ల ఊసు అంతకన్నా తక్కువ. ఈ లోపానికి మందు రాతను మానేయడంలో లేదు, రాసేవాళ్లు పెరగడంలో ఉంది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఈ ఘోరాల మీద పోలీసు కాగితాలు తయారయ్యాయి, పత్రికల్లో వార్తలు వచ్చాయి. కానీ ఆ వాడల నుంచి, ఆ వాడల పక్షాన వచ్చిన పాటలు, కరపత్రాలు, కవితలు, వ్యాసాలు తెలుగు సాహిత్యపు దారినే మళ్లించాయి. 1995లో లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో చిక్కనవుతున్న పాట అనే సంకలనం వచ్చేనాటికి, దళిత కవిత్వం ఎవరూ పక్కన పెట్టలేని స్థానానికి చేరింది. కరణం రాతను తప్పుపట్టగలిగే రాత అలా పుట్టింది. ఒక ఊరి సంగతి ఒక్కరే రాస్తే అది వాంగ్మూలం. వేరువేరు వీధులవాళ్లు రాస్తేనే చరిత్ర అవుతుంది.

పూచీ అంటే ప్రతిసారీ కింద సంతకం పెట్టడం అని మాత్రం అనుకోకూడదు. వాడలో మనిషి పేరుతో రాస్తే దెబ్బలు తినాల్సి రావచ్చు. కౌలు రైతు పంట పోయిందని పేరుతో రాస్తే మరుసటి ఏడాది అప్పు పుట్టకపోవచ్చు, పొలం కౌలుకు దొరకకపోవచ్చు. అటువంటప్పుడు పేరు దాచుకోవడం వాళ్ల హక్కు. పేరు లేకపోయినా తేదీ, స్థలం, క్రమం, పరిమాణం ఉంటే చదివినవాళ్లు సరిచూసుకోగలరు. సరిచూసుకోవడానికి వీలున్న రాత పేరు లేకపోయినా పూచీ పడినట్టే. ఎంత పెద్ద పేరున్నా, సరిచూసుకోవడానికి ఏమీ మిగల్చని రాత పూచీ తప్పించుకున్నట్టే.

ఇప్పుడు ఈ నేల బతుకుతెరువు దగ్గరికి వద్దాం. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విపరీతంగా వాడారు. పచ్చపురుగు కోసం కొట్టిన ఆ మందులు తెల్లదోమను తినే మిత్ర పురుగులను కూడా చంపాయి. తెల్లదోమ చేలను కమ్ముకుంది. 1987, 88లలో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఎక్కువ మందు కొట్టిన చేలోనే దోమ ఎక్కువగా ఉందన్న సంగతి కళ్లారా చూసింది రైతులే. కానీ ఆ చూపు చాలావరకు గట్టు మీద మాటగానే ఆగిపోయింది. మందుల కొట్టు యజమాని మాట మాత్రం అచ్చయిన కరపత్రమై ప్రతి ఇంటికీ చేరింది. రైతుల రాత ఉండి ఉంటే ఆ విపత్తు తప్పేదని నేను అనడం లేదు. అప్పు, ధర, మార్కెట్టు, విత్తనం అన్నీ కలిసిన ముడి అది. కానీ పక్క మండలం రైతు పడిన దెబ్బ ఈ మండలం రైతుకు ముందే తెలిసే దారి ఒకటి ఉండేది. 2021, 22లలో మిర్చి తోటల మీద కొత్త రకం నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడూ ఇదే జరిగింది. పువ్వుల్లో చేరి పూత రాల్చేసిన ఆ పురుగుకు ఫలానా మందు కొడితే వారంలో మాయం అన్న సందేశాలు ఊరూరా తిరిగాయి. ఎవరి చేలో, ఏ నేలలో, నాటిన ఎన్నో రోజున, ఎంత మోతాదులో, ఎన్నిసార్లు అన్నది వాటిలో లేదు.

పనికొచ్చే రాత ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇది నల్లరేగడి, నాటింది ఫలానా తేదీన, మిర్చి రకం 334, బొబ్బర తెగులు మొదట కనిపించింది ఫలానా వారం, మొదటి మందు పనిచేయలేదు, రెండోదానికి కొంత తగ్గింది, గట్టున జొన్న వేసిన పక్క చేలో ఇలా ఉంది, ఇన్ని కోతలు, ఇంత తాలు, యార్డులో ఫలానా రోజు ఈ ధరకు బస్తాలు పోయాయి. ఇందులో అన్నిటికంటే విలువైన మాట పనిచేయలేదు అన్నది. అమ్ముకునేవాడు ఆ మాట ఎన్నడూ రాయడు, ఇరుగుపొరుగు మేలు కోరేవాడే రాస్తాడు. ఒక్క చేనుతో ఏం తేలుతుంది, పరిశోధన చేయడానికి శాస్త్రవేత్తలు ఉన్నారు కదా అంటారేమో. ఒక్క చేనుతో ఏమీ తేలదు, నిజమే. గుంటూరు పక్కన లాం ఫారం 1922 నుంచి ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు చేసే పరీక్షలకు రైతు డైరీ సాటిరాదు. కానీ వంద చేల డైరీలు తేదీలతో సహా ముందుంటే ఏది పరీక్షించాలో శాస్త్రవేత్తకు తెలుస్తుంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు ఎప్పుడు విరిశాయో ఆస్థానంలోనివారూ సన్యాసులూ తొమ్మిదో శతాబ్దం నుంచి తమ దినచర్యల్లో రాసుకున్నారు. ఉత్సవం కోసం రాసుకున్న ఆ తేదీలే వెయ్యేళ్ల తరవాత వాతావరణం వేడెక్కుతున్న తీరును లెక్కగట్టడానికి ఆధారమయ్యాయి. తాము వాతావరణ శాస్త్రానికి సేవ చేస్తున్నామని వాళ్లు అనుకోలేదు. తేదీ మానకుండా రాశారు, అదే చాలింది.

ఇక ఎక్కువమంది చదివితేనే విలువ అన్న వాదం. చదివేవాళ్లు లేని రాత ఎందుకని అడిగేవాళ్లకు వేటపాలెం సారస్వత నికేతనం జవాబు చెబుతుంది. చీరాల పక్కన నేతగాళ్ల ఊరు వేటపాలెం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగి గ్రంథాలయోద్యమం ఊపందుకున్న రోజులవి. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన తోటి యువకులు అక్కడ ఒక గ్రంథాలయం పెట్టారు. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పుస్తకాలతోపాటు పాత దినపత్రికలను, మాసపత్రికలను పారేయకుండా సంవత్సరాల వారీగా కట్టలు కట్టి దాచడం వాళ్లు చేసిన గొప్ప పని. అందులో నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రికలూ ఉన్నాయి, వెలువడిన రోజున కొద్దిమందే చదివిన వ్యాసాలూ ఉన్నాయి. ఇవాళ దేశవిదేశాల పరిశోధకులు ఆ ఊరికి వచ్చి వాటి ముందు కూర్చుంటున్నారు. మొదటి రోజున ఎంతమంది చదివారన్నది వాళ్లకు అక్కర్లేదు. తాము వెతుకుతున్నది అందులో ఉందా, నమ్మదగ్గదా అన్నదే వాళ్లకు ముఖ్యం. ఎక్కువమంది చదవడం మంచిదే, కాదనను. అయితే సంఖ్య ఆ పూట గాలిని చెబుతుంది. నిలిచే గుణాన్ని చెప్పలేదు. సంఖ్య కోసమే రాయడం మొదలుపెడితే, చదివినవాళ్లకు అప్పటికే ఇష్టమైనదాన్నే మళ్లీ చెప్పే అలవాటు పడుతుంది. అప్పుడు పనిచేయలేదు అన్న మాట రాయడానికి చెయ్యి రాదు.

వేటపాలెం ఇంకో సంగతి కూడా చెబుతోంది. రాత విలువ రాసినవాడి ఒక్కడి చేతిలో లేదు, చదివేవాళ్ల చేతిలోనూ ఉంది. కల్లంలో కూర్చుని తాలు ఏరే ఓపిక చదివేవాళ్లకు ఉండాలి. తప్పు కనిపిస్తే తెలిసినవాళ్లు మర్యాదగా చెప్పాలి, చెప్పినదాన్ని రాసినవాడు స్వీకరించి పక్కన చేర్చుకోవాలి. సరిచేసినవాడిని శత్రువుగా చూసే ఊళ్లో మంచి రాత నిలవదు. మరొకరి మాటను ఎత్తిరాసేటప్పుడు ఎవరిదో చెప్పాలి. అది మర్యాద కోసమే కాదు, మూడో మనిషి వెనక్కి వెళ్లి విచారించుకోవడానికి దారి చూపడం కోసం. దాచేవాళ్లు కూడా ఉండాలి. ఫోనులో వచ్చిన మంచి మాట రెండు రోజుల్లో కిందికి జారిపోయి ఎవరికీ దొరకదు. దాన్ని కాగితం మీదికి ఎక్కించి, ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో భద్రం చేసేవాళ్లు లేకపోతే ఇంతమంది రాసినా రేపటి తరం చేతికి ఖాళీయే మిగులుతుంది. ఊరి గ్రంథాలయానికి తాళం పడిందంటే ఆ ఊరు తాను తెలుసుకున్నదాన్ని తానే పారబోసుకుంటున్నట్టు లెక్క. ఆ తాళం తీయించడం రాయడమంత ముఖ్యమైన పని.

కాబట్టి ఈ ప్రసంగం వింటున్న రైతులకు, రైతుకూలీలకు, టీచర్లకు, నేత పనివాళ్లకు, ఇంటిని నడిపే అమ్మలకు, చదువుకుంటున్న పిల్లలకు నా విన్నపం ఒకటే. మీకు రాయడం రాదని అనుకోకండి. మీకు తెలిసిన పని గురించి, మీరు చూసిన సంఘటన గురించి, మీ వీధి గురించి, ఊరు పేరు, తేదీ వేసి రాయండి. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు వేరుచేసి చెప్పండి. అనుకున్నది జరగకపోతే ఆ సంగతీ రాయండి. మీ మాటల్లోనే రాయండి. గుంటూరు యాస ఉందని సిగ్గుపడకండి. ఆ పలుకుబడిలోనే మాలపల్లి పుట్టింది. మీ రాతను మరొకరు సరిదిద్దితే అది మీ రాతకు జరిగిన గౌరవమని నమ్మండి. ఈ నేలకు మహాకవులు పుట్టారు, ఇంకా పుడతారు. వాళ్ల కోసం మనం చేయగలిగింది తక్కువ. చూసినది చూసినట్టు చెప్పి, దానికి పూచీ పడే మామూలు మనుషులు వేలమంది కావాలి. వాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లు కలం పట్టిన ఊరి చరిత్రను ఇంకెవరో వచ్చి తమకు నచ్చినట్టు రాయలేరు.